యంత్రము చెప్పిన పాఠము - ఉపాధ్యాయుని దిద్దుబాటు



శ్రీముఖలింగము చెంత పర్వతాలపేటలో 1863లో జన్మించిన గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో ఉపాధ్యాయులై యుండగా, సవర పిల్లలకు చదువు చెప్పింపవలెనని సంకల్పించిరి. అందులకై మొదట తామే సవర భాషను నేర్చిరి. పిదప ఆ భాషలో పుస్తకములు వ్రాసిరి, బడులు పెట్టించిరి. పిల్లలకు బోధించుటకు ముందు ఉపాధ్యాయుడు తాను విద్యార్థి కావలెననుట వారు చూపిన మార్గము. నేడు బడులలోనికి వచ్చుచున్న కృత్రిమ మేధకును ఈ మార్గమే వర్తించును.

కృత్రిమ మేధ యనగా అపారమైన వ్రాతల నుండి నేర్చి, అడిగిన ప్రశ్నకు వాక్యములు కూర్చి బదులు చెప్పు యంత్రవిద్య. దానికి తోడుగా వచ్చినది ఆగ్మెంటెడ్ రియాలిటీ. ఇది ఫోను కెమెరాలో కనబడు బల్లమీద, అచ్చట లేని వస్తువును ఉన్నట్లు చూపును. కొట్టుకొనుచున్న గుండెను నలువైపుల నుండి చూడవచ్చును.

సాధనములు కొన్ని ఇదివరకే వచ్చినవి. భారత ప్రభుత్వము 2017లో దీక్ష వేదికను ప్రారంభించెను. పాఠ్యపుస్తకములోని క్యూఆర్ గుర్తును ఫోనుతో చూచిన, అందలి పాఠము తెరచుకొనును. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పాఠశాలల ఎనిమిదవ తరగతి విద్యార్థులకును, ఉపాధ్యాయులకును ట్యాబులు పంచబడెను. అయితే సాధనము చేతికందుట వేరు, విద్య పట్టువడుట వేరు. మీట నొక్కుట ఒక పూటలో నేర్పవచ్చును. యంత్రము చెప్పినదానిలో ఏది గ్రాహ్యము, ఏది త్యాజ్యము అను వివేకమును నేర్పునదే నిజమైన శిక్షణ.

గజపతినగరములో ఒక ఉపాధ్యాయుడు చంపావతీ నదిపై పాఠము వ్రాసి యిమ్మని యంత్రము నడిగెననుకొనుడు. అది చక్కని వాక్యములతో నది పుట్టుకను మరియొక చోట చెప్పవచ్చును. యంత్రమునకు తడబాటు లేదు. తప్పును సైతము నిబ్బరముగా చెప్పును. ఆ నది ఆండ్ర కొండలలో పుట్టి, గజపతినగరము ప్రక్కగా పారి, కోనాడ వద్ద సముద్రమున కలియునని ఎరిగిన ఉపాధ్యాయుడే దానిని దిద్దగలడు. దిద్దనిచో ఆ తప్పు తరగతిలోని ప్రతి పుస్తకమునకును ఎక్కును. ఇక ఆ ఏటిని చూపుటకు తెర యేల? పిల్లలను గట్టునకు తీసికొనిపోయిన చాలును. గుండె, గ్రహములు మొదలగు కంటికందని వానికే ఆ దృశ్యవిద్య తగును.

ఉపాధ్యాయులకు కృత్రిమ మేధలో ఉండదగిన సామర్థ్యములను గూర్చి యునెస్కో 2024లో ఒక ప్రణాళికను వెలువరించెను. అందు మానవుని కేంద్రముగా నిలుపు దృష్టికే మొదటి స్థానమీయబడెను. కావున శిక్షణలో ప్రతి ఉపాధ్యాయుడును తన పాఠమునే యంత్రముచే వ్రాయించి, పుస్తకములతో సరిచూచి, తప్పులను గుర్తించి, తోటివారికి చూపవలెను. పిల్లల పేర్లును, మార్కులును యంత్రమున కప్పగింపరాదనియు నేర్వవలెను.

సరిచూచుటకు నిఘంటువు, పటము, విజ్ఞాన సర్వస్వము కావలెను. అవి యుండు తావు గ్రంథాలయమే. ఇరువదియైదేండ్లుగా గ్రామమునకు పుస్తకములిచ్చిన ఈ సంస్థ, వారమునకొక సాయంకాలము ఒక బల్లను ఉపాధ్యాయులకు కేటాయించినచో, రజతోత్సవ ఫలము బడిపిల్లలకు చేరును.