మ్యూజియం గోడకు చెక్కపని

(ఉగాది సాంస్కృతికోత్సవ సభలో చేసిన ఉపన్యాస పాఠం)

నేను బడిపంతులును. ముప్పై ఏళ్లకు పైగా ప్రభుత్వ పాఠశాలల్లో లెక్కలు చెప్పాను. నా తెలుగు సాయంకాలపు తరగతి తెలుగు. మొదట ఆ బల్లల మీద కూర్చుని నేర్చుకున్నాను, తరువాత అదే గదిలో నిలబడి చెప్పాను. ఒత్తులు, పొల్లులు తప్పితే పెద్దలు మన్నించాలి. పిల్లలు మాత్రం నా తప్పులు నేర్చుకోకండి.

కార్యదర్శిగారు నన్ను "మన వారసత్వం" గురించి మాట్లాడమన్నారు. ఆ విషయం మీద ఈ వేదిక మీదనే ఎందరో చక్కగా మాట్లాడి ఉన్నారు. నేను ఒక కాంట్రాక్టు గురించి చెబుతాను. ఈ రెండింటికీ సంబంధం ఏమిటని మీకు తోచవచ్చు. కొంచెం ఓపిక పట్టండి.

మా తరగతిలో చదువుకున్న అన్నదమ్ములిద్దరు కట్టడాల కంపెనీ పెట్టారు. దుకాణాల వరుసలు, మురుగుకాలువలు, బడి గదులు కట్టి పేరు తెచ్చుకున్నారు. కొన్నేళ్ల క్రితం ఒక మ్యూజియంలో చెక్కపని అంతా తామే చేస్తామని ఒప్పుకున్నారు. గోడలకు పలకలు, ఒక పెద్ద జాలీ తెర, మెట్ల కటకటాలు, వస్తువులు పెట్టే అద్దాల పెట్టెలకు చెక్క పీఠాలు. ఇవి బజారులో దొరికే సరుకు కాదు, అన్నీ కొలత ప్రకారం చేయవలసినవి. ఏ కంపెనీ, ఏ మ్యూజియం అని నన్ను అడగవద్దు. ఆ అన్నదమ్ములు ఇప్పుడు ఈ హాలులో వెనుక వరుసలోనే కూర్చున్నారు, వారి అనుమతితోనే చెబుతున్నాను.

అన్నగారు నా దగ్గరకు వచ్చి, "మాస్టారూ, కాంక్రీటు పోసేవాడికి కర్ర ఒక లెక్కా?" అన్నాడు. నేనూ అవునన్నాను. ఇద్దరమూ పొరబడ్డాం.

ఈ దేశంలో కర్రపని అంటే ఏమిటో ముందు రెండు మాటలు చెప్పాలి. మీలో చాలామంది సెరి మెనంతికి వెళ్లే ఉంటారు. నెగెరి సెంబిలాన్ రాజుగారి కోసం 1902లో మొదలుపెట్టి 1908లో పూర్తిచేసిన ఆ భవనానికి 99 స్తంభాలు, ఇనుప మేకు ఒక్కటీ లేదు. కహర్, తాయిబ్ అనే ఇద్దరు మలయ్ వడ్రంగుల పేర్లు నేటికీ దానితో కలిపి చెబుతారు. 1992లో అది రాజ మ్యూజియం అయింది. ఇంజనీరు పేరు నిలవడం మామూలే, వడ్రంగి పేరు నిలవడం అరుదు. కువాలా తెరెంగానులో 1884లో కట్టిన ఇస్తానా సాతును చూడండి. దానిని 1974లో విప్పి, తెచ్చి, కౌలాలంపూరులో మన జాతీయ మ్యూజియం ఆవరణలో మళ్లీ నిలబెట్టారు. తొంభై ఏళ్ల ఇంటిని విప్పి మళ్లీ కూర్చగలిగారంటే కారణం దాని అతుకులే. కుసిని బెజ్జంలో దింపి కర్ర చీల కొడతారు. ఆ చీలను వారు పాసక్ అంటారు. మేకులు కొట్టిన ఇంటిని అలా విప్పబోతే వంటచెరకు మిగులుతుంది. మలక్కాలో పాత సుల్తాను కోటను పోలిన చెక్క భవనాన్ని 1986లో మ్యూజియంగా తెరిచారు. అసలుది ఏనాడో పోయింది. "సెజారా మెలాయు" గ్రంథంలోని వర్ణన ఆధారంగా దీనిని కట్టారు. పుస్తకంలోని మాటల నుండి మళ్లీ కర్రకు రాగలిగారంటే, ఆ మాటలకు అర్థం తెలిసిన చేతులు అప్పటికి ఇంకా ఉన్నాయన్నమాట.

ఇక మన అన్నదమ్ముల సంగతి. కర్ర ఎంత ఎండినా అందులో కొంత తేమ ఉంటుంది. చుట్టూ గాలి ఎలా ఉంటే అదీ అలాగే సర్దుకుంటుంది. మన దేశపు బయటి గాలిలో నీడపట్టున ఉంచిన కర్రలో నూటికి 15, 16 వంతుల తేమ ఉంటుంది. మ్యూజియంలో పగలూ రాత్రీ ఎయిర్ కండిషన్ నడుస్తుంది, అక్కడ అది 10, 11కు దిగుతుంది. తేమ దిగితే పలక కుంచించుకుంటుంది. నిలువున దాదాపు ఏమీ తగ్గదు, అడ్డంగా తగ్గుతుంది. 200 మిల్లీమీటర్ల వెడల్పు పలక ఆ మార్పుకు రెండు మూడు మిల్లీమీటర్లు పోగొట్టుకుంటుంది. ఒక పలక అయితే ఎవరికీ కనబడదు. గోడ మీద వరుసగా పది పలకలు బంక పెట్టి అంటిస్తే ఎక్కడో ఒకచోట బీట తెగక తప్పదు. నేను లెక్కల పంతులును గదా, ఈ లెక్క నాకు ముందే తెలిసి ఉండవలసింది.

కొలిమిలో ఆరబెట్టిన కర్ర అని కాగితం మీద ఉంది. కొలిచే యంత్రంతో కొలిచారు కూడా. యంత్రం సూదులు పైపైన దిగాయి, పైన 12 చూపించింది. లోపల చేవలో 18 ఉంది. చెంగల్ వంటి గట్టి కర్ర లోపలి దాకా ఆరడానికి నెలలు పడుతుంది, కాంట్రాక్టుకు నెలలు లేవు. పలకలన్నీ బిగించారు, పాలిష్ పెట్టారు, అద్దంలా మెరిసింది. ఎయిర్ కండిషన్ వేశారు. అయిదో వారంలో రాత్రి కాపలావాడు తుపాకీ పేలిందేమోనని పరుగెత్తుకొచ్చాడట. అది పలక చీలిన శబ్దం.

రెండో దెబ్బ పీఠాల మీద పడింది. వాటిని ప్లైవుడ్‌తో చేసి పైన అందమైన పలుచటి పొర అతికించారు. వస్తువులను కాపాడే అధికారిణి వచ్చి వాసన చూసి, ఇవి లోపలికి రానివ్వనని చెప్పింది. ప్లైవుడ్ బంకలోంచి, కొన్ని జాతుల కర్రలోంచి ఆవిరులు వస్తాయి. మూసిన పెట్టెలో అవి పేరుకుని సీసపు నాణేలను తెల్లటి పొడి చేస్తాయి. బ్రిటిష్ మ్యూజియంలో ఆడీ అనే శాస్త్రజ్ఞుడు 1973లో దీనికొక పరీక్ష కనిపెట్టాడు. కర్ర ముక్కను వెండి, రాగి, సీసం రేకులతో కలిపి సీసాలో మూసి, 60 డిగ్రీల వేడిలో 28 రోజులు ఉంచుతారు. రేకు మసకబారితే ఆ కర్ర పనికిరాదు. అధికారిణి ఆ పరీక్ష చేయించమంది. గడువు దాటితే రోజుకింత అని జరిమానా ఇచ్చుకునే కంపెనీవాడికి 28 రోజులంటే ఎంతో ఆలోచించండి. వారి నాయనగారి ఇల్లు అప్పటికే బ్యాంకులో కుదువలో ఉంది.

తమ్ముడు కర్ర అమ్మినవాడి మీద దావా వేద్దామన్నాడు. అన్న, "సంతకం మనది," అని పలకలన్నీ ఊడదీయించాడు. ఆ మాట విన్ననాడు నాకు వాడి మీద గౌరవం పెరిగింది. వాడు వెనుక కూర్చుని ఉన్నాడని చెప్పడం లేదు.

మళ్లీ చేయాలంటే చేతులు కావాలి. బంక లేకుండా చట్రానికి గాడి తీసి, పలకను ఆ గాడిలో వదులుగా నిలపగల మనిషి కావాలి. మన సంఘంలో వెదికాం. లాయర్లున్నారు, డాక్టర్లున్నారు, అకౌంటెంట్లు ఎందరో. చిత్రిక పట్టగలవాడు ఒక్కడు లేడు. చివరకు తెరెంగాను నుండి డెబ్బై ఏళ్ల మలయ్ వడ్రంగి ఒకాయన, జావాలోని జెపారా నుండి ముగ్గురు కుర్రవాళ్లు వచ్చారు.

ఇక్కడ నా సొంత మాట ఒకటి చెప్పుకోవాలి. మా తాతగారు విశాఖపట్నం జిల్లా నుండి బాగన్ డాతో కొబ్బరితోటకు వచ్చారు. కూలీగా పేరు వ్రాయించుకున్నా ఆయన ఊళ్లో వడ్రంగి పని ఎరిగినవాడు. లైను ఇళ్ల తలుపులు, మా రామమందిరం ద్వారం ఆయన చేసినవే. ఆ మందిరం తలుపు పలకలను చిన్నప్పుడు మేం వేళ్లతో నెట్టితే కటకటమని కదిలేవి. అతుకు వదులైపోయిందని అనుకునేవాళ్లం. మా నాన్నగారు, "పలకకి బంక పెట్టకూడదురా, వానకి ఉబ్బాలి, ఎండకి తగ్గాలి," అని తాతగారు చెప్పినట్టు చెప్పేవారు. ఆ మాట చెప్పిన నాన్నగారే నా తొమ్మిదో ఏట తాతగారి బాడిస, ఉలులు, బరమా, మూలమట్టం ఉన్న పెట్టె అమ్మేశారు. ఆ డబ్బుతో నాకు బడి పుస్తకాలు, బూట్లు వచ్చాయి. ఆయనను తప్పు పట్టను, ఆ బూట్లు తొడుక్కునే నేను పంతులునయ్యాను.

నేను చేసింది వేరు. నా ఉద్యోగ కాలంలో చేతిపని బాగా వచ్చిన పిల్లలు, వృత్తి పాఠశాలకు వెళతామన్న పిల్లలు ఎందరో నా దగ్గరకు వచ్చారు. "తోటలో మీ తాతలు పడిన పాట్లు చాలవా?" అని అందరినీ వెనక్కి తిప్పాను. తల్లిదండ్రులు నాకు దండలు వేశారు. అలా తిప్పినవారిలో ఈ తమ్ముడు కూడా ఉన్నాడు. వాడు పన్నెండేళ్లకే ముక్కాలిపీట ఒక్క మేకు లేకుండా చేసి నాకు చూపించాడు. నేను దాని మీద కూర్చుని, "లెక్కలు చేయరా," అన్నాను.

తెరెంగాను పెద్దాయన పని మొదలుపెట్టిన రోజున నేనూ వెళ్లాను. ఆయన తాంగమ్ అన్నదాన్ని నేను కుసి అన్నాను. పాసక్ అన్నదాన్ని చీల అన్నాను. అరగంటలో ఆయన నాకు మలయ్‌లో కర్ర మాటలు పది చెప్పాడు, నేను తెలుగులో ఆరు చెప్పగలిగాను. మిగిలిన నాలుగూ మా తాతగారి పెట్టెతోనే పోయాయి. మా సాయంకాలపు తరగతి పాఠంలో ఆ ఆరు మాటలూ చేర్చాను.

పని నాలుగు నెలలు ఆలస్యంగా ముగిసింది. లాభం మాట అటుంచి, కుదువ పెట్టిన ఇల్లు మాత్రం నిలిచింది. ఈ మధ్య నేను ఆ మ్యూజియానికి వెళ్లి పలక ఒకదాన్ని వేలితో మెల్లగా నెట్టాను. కదిలింది. కాపలావాడు ముట్టుకోవద్దని మందలించాడు.

తమ్ముడి కొడుకుకు పదమూడేళ్లు. పెద్దాయన ఊరికి తిరిగి వెళ్లలేదు, కంపెనీ షెడ్డులోనే ఉన్నాడు. శనివారాలు తన దగ్గరకు పంపమని అడుగుతున్నాడట. "చదువు పాడవుతుందేమో, ఏమంటారు మాస్టారూ?" అని తమ్ముడు నన్ను అడిగాడు. పొద్దుటే పంపమన్నాను. తెలుగు తరగతికి ఆలస్యమైనా ఏమీ అననన్నాను. ఇప్పుడు వాడు చొక్కా నిండా రంపపుపొట్టుతో వచ్చి ముందు బల్ల మీద కూర్చుంటున్నాడు. వాడు వెళ్లాక బల్ల తుడవడం నా పని.