పరీక్షకే గదా అంటే నమ్మేదెట్లా?

సింగరేణిలో బొగ్గు కోసం ఓపెన్‌కాస్టులు తవ్వితే ఊళ్లకు ఊళ్లే లేచిపోయాయి. చిప్పగిరికి ఆ బాధ దూరమే అనుకున్నాం. 2024లో మన ఆలూరు నియోజకవర్గంలోనే, దేవనకొండ మండలం కప్పట్రాళ్ల అడవిలో యురేనియం కోసం 68 బోర్లు వేస్తామన్నారు. పరీక్షకే గదా అన్నారు. దొరికితే తవ్వకుండా పోతారా?

కడప జిల్లా తుమ్మలపల్లెలో వ్యర్థాల చెరువు పక్క ఊళ్ల రైతులు బోరునీళ్లు చెడిపోయాయని, అరటితోటలు దెబ్బతిన్నాయని ఏళ్ల తరబడి మొత్తుకున్నారు. వానకూ బోరుకూ మొక్కి బతికే సీమలో నీళ్లు చెడితే ఇక వలసే. అందుకే కప్పట్రాళ్ల చుట్టుపక్కల జనం రోడ్డెక్కారు. నవంబరులో సర్కారు వెనక్కి తగ్గింది.

ఉద్యోగులారా, విద్యార్థులారా! అనుమతుల కాగితాలు ఇంగ్లీషులో వస్తాయి. వాటిని చదివి గ్రామసభలో తెలుగులో చెప్పే పని మనది. బోరు లారీ ఊళ్లోకి రాకముందే చెప్పాలి.