పెరుగు గ్రంథాలయము



గ్రంథాలయమనగా బీరువాలు, తాళములు, చెదలమందు అని తలంచువారు లోకమున పెక్కురు గలరు. ఇది పల్లెవారి తలంపు మాత్రమే కాదు. మహావిద్యాలయములయందును పుస్తకమును పదిలముగా దాచుటయే గ్రంథపాలకుని ధర్మమని చిరకాలము భావించుచుండిరి. ఆ భావము ఎట్లు మారెనో తెలిసికొనుటకు మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయ చరిత్రకంటె మంచి నిదర్శనము లేదు. 1926 లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ఏర్పడువరకు కోస్తా జిల్లాల విద్యార్థులకు పట్టములిచ్చినది ఆ విశ్వవిద్యాలయమే గదా!

1924 లో ఆ గ్రంథాలయమునకు ప్రథమ గ్రంథపాలకుడుగా శియాళి రామామృత రంగనాథన్ గారు నియమింపబడిరి. ఆయన గణితోపాధ్యాయుడు, గ్రంథాలయ విద్య నేర్చినవాడు కాడు. పిల్లల సందడి నడుమ పాఠము చెప్పినవానికి ఆ నిశ్శబ్దము కారాగారమువలె తోచెను. కొలది దినములకే వెనుకటి యుద్యోగమునకు పోవనెంచెను. ముందు ఇంగ్లండు వెళ్లి చూచిరండు, అప్పటికిని మనసు కుదరనిచో కళాశాలకు తిరిగి రావచ్చునని పెద్దలు చెప్పిరి. ఆయన లండనులో చదివి, ఆ దేశమున నూరింటికి పైగా గ్రంథాలయములను దర్శించిరి. అచ్చట పిల్లలు, కార్మికులు, గృహిణులు సైతము పుస్తకములు తీసికొనిపోవుట కన్నులార చూచిరి. 1925 లో మరలివచ్చునప్పటికి ఆయన మనసు మారియుండెను.

మొదటి చిక్కు పుస్తకముల అమరికలో కలదు. 1876 లో అమెరికాయందు డ్యూయీ పండితుడు ప్రకటించిన దశాంశ పద్ధతిలో సర్వశాస్త్రములకును అంకెలు ముందే పంచిపెట్టబడినవి. అందు ఆంగ్ల సాహిత్యమునకు 820 అను విశాలమైన గది దొరకగా, తెలుగు సాహిత్యమునకు 894.827 అను మూల దొరకెను. నానాటికి పుట్టెడి కొత్త విషయములకు చోటు చాలదు. లండనులోని ఒక పెద్ద అంగడిలో మెకానో అను ఆటవస్తువును రంగనాథన్ గారు చూచిరి. అవే పట్టీలు, అవే చక్రములు, అవే మరలు. కూర్పు మారినచో బొమ్మ మారును. విషయములను గూడ ఇట్లే విడదీసి కూర్పరాదాయని ఆయనకు తోచెను. ఒక పుస్తకమున వరిపైరు, దాని తెగులు, నివారణోపాయము, దేశము, కాలము అన్నియు కలవనుకొందము. ఒక్కొక్క యంశమునకు ఒక గుర్తు నిచ్చి వరుసగా కూర్చినచో, రేపు పుట్టు విషయమునకు సైతము స్థానము దొరకును. 1933 లో ప్రకటింపబడిన కోలన్ వర్గీకరణమునకు మూలమిదియే.

అమరిక మారినంత మాత్రమున చాలదు. ఆయన బీరువాలను తెరపించి, చదువరి తానే అరలనడుమ తిరిగి పుస్తకమును చేతికి తీసికొను వీలు కల్పించిరి. ప్రశ్నతో వచ్చినవానికి తోడుపడుటకు మనుష్యుని నియమించిరి. పుస్తకమున్నది వాడుకకేయనియు, గ్రంథాలయము జీవివలె పెరుగునదనియు 1931 లో ఆయన ప్రతిపాదించిన పంచసూత్రముల సారము. ఆ సంవత్సరమందే తంజావూరు ప్రాంతపు మన్నారుగుడి నుండి ఎడ్లబండిపై గ్రంథాలయము పల్లెలకు బయలుదేరెను. 1956 లో ఆయన తన జీవితార్జితమునుండి లక్ష రూపాయలను గ్రంథాలయశాస్త్ర పీఠమునకై అదే విశ్వవిద్యాలయమునకు దానమిచ్చిరి. 1972 లో పరమపదించిరి.

ఆ పిమ్మట కాలము మరింత వేగముగా నడచినది. కార్డుల పెట్టెలకు మారుగా కంప్యూటరు వచ్చెను. 1991 లో విశ్వవిద్యాలయ గ్రంథాలయములను కలుపుటకై ఇన్‌ఫ్లిబ్‌నెట్ అను సంస్థ వెలసినది. బీరువాలలో ధూళి పట్టియుండిన పరిశోధన గ్రంథములు శోధగంగ ద్వారమున ఎవరికైనను దొరకుచున్నవి. 2024 నవంబరులో కేంద్రప్రభుత్వము 'ఒకే దేశము, ఒకే చందా' పథకమును ఆమోదించినది. 2025 మొదలు మూడేండ్లకు 6,000 కోట్ల రూపాయల వ్యయముతో, 6,300 కు పైగా ప్రభుత్వ విద్యాసంస్థలకు సుమారు 13,000 పత్రికలు చదువు వీలు కల్పింపబడినది.

ఇది మేలే, కాని జమాఖర్చు రెండువైపుల చూడవలెను. కొన్న పుస్తకము పట్టాభూమి వంటిది. తాత కొన్నది మనుమడు చదువును. చందాపై వచ్చు పత్రిక కౌలుభూమి వంటిది. ఒప్పందమున వేరుగా వ్రాసికొననిచో, గడువు తీరిననాడు గట్టుపై నిలువవలసినదే. కొత్తది వచ్చినదని పాతదానిని తూకమునకు అమ్మువాడు, కౌలు దొరకినదని పట్టా వదలుకొన్నవానితో సమానుడు. పదియేండ్లుగా ఎవ్వరును తాకని పుస్తకము వేరొకచోట దొరకునదైనచో తీసివేయవచ్చును. దొరకనిదైనచో తాకకున్నను ఉంచవలెను. ఈ వివేకము యంత్రమునకు రాదు, గ్రంథపాలకునికే రావలెను.

మరియు ఆ పథకపు ద్వారము విద్యాసంస్థలలోని వారికి తెరచినది. పొలముననున్న రైతుబిడ్డకు కాదు. అయినను శోధగంగవలె అందరికిని తెరచియున్న ద్వారములును కలవు. వానిని చూపువాడు కావలెను. ఇరువదియైదేండ్లు నిండిన గ్రామ గ్రంథాలయమునకు ఇకముందు పని ఇదియే. పాతపుస్తకములకు చిట్టా వ్రాసి, వేరెచ్చటను దొరకని వానిని మొదట పదిలపరుపవలెను. వారమునకొకనాడైనను చదువుకొన్న యువకుడొకడు కూర్చుండి, అడుగవచ్చినవానికి వెదకి చూపవలెను. మద్రాసు మహాగ్రంథాలయమును మార్చినది ధనము మాత్రమే కాదు. విసుగుతో లేచిపోదలచి, చదువరిని చూచి నిలిచిపోయిన ఒక్క మనుష్యుడు. అట్టి ఒక్కడు ఈ గ్రామమున లేచినచో, స్వర్ణోత్సవమునకు దీపము వెలిగియే యుండును.