కణాన్ని చూసి కోలుకోవడం చెప్పగలమా?

విద్యార్థులారా, పిల్లలకు వచ్చే క్యాన్సర్లలో తరచుగా కనిపించేది అక్యూట్ లింఫోబ్లాస్టిక్ ల్యుకేమియా. మందు ఎంత ఇవ్వాలన్నదే ఇక్కడ చిక్కు. తక్కువైతే జబ్బు తిరగబెడుతుంది. ఎక్కువైతే రోగనిరోధక శక్తి అడుగంటి, ఇన్ఫెక్షన్ ప్రాణం తీయవచ్చు.

1976 నాటి వర్గీకరణ సూక్ష్మదర్శినిలో కణాల రూపం చూసి వాటిని ఎల్1, ఎల్2, ఎల్3 అని మూడు రకాలు చేసింది. చిన్నవిగా, ఒకే తీరుగా ఉండే ఎల్1 కణాలున్న పిల్లలు ఎల్2 వారికన్నా బాగా కోలుకునేవారు. కానీ రూపం కొంతే చెబుతుంది. కణంలో 46కు బదులు 50కి పైగా క్రోమోజోములుంటే? వింతే గానీ, అది మంచి సూచన! అలాంటి కణాలు మెథోట్రెక్సేట్‌ను తమలో ఎక్కువగా నిలుపుకొని, దానికే బలవుతాయి. భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు బృందం అమెరికాలో తయారుచేసిన మందు అది.

కోల్‌కతాలో 2011లో మొదలైన టాటా మెడికల్ సెంటర్ పాల్గొన్న ‘ఐసికిల్’ అధ్యయనం వయసు, తెల్లకణాల సంఖ్య, క్రోమోజోములతో ఆగలేదు. తొలి విడత చికిత్స ముగిశాక ఎముక మజ్జలో ఎన్ని క్యాన్సర్ కణాలు మిగిలాయో కూడా చూస్తుంది. పదివేలలో ఒక్కటి మిగిలినా చికిత్స తీవ్రత పెంచుతారు. అంత అరుదైన కణాన్ని పట్టేది ఫ్లో సైటోమీటర్. అది కణాలను ఒక్కొక్కటిగా లేజర్ కాంతి ముందు నుంచి పంపి లెక్కిస్తుంది.