పెక్కు గొంతులు, ఒకే రొద

(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ఉపన్యాస పాఠము)



గ్రంథాలయమునందు రెండు విశేషములు కలవు. అచ్చట పెక్కుమంది మాటలాడుదురు. అయినను అచ్చట చప్పుడుండదు. నన్నయభట్టును, వేమనయు, గురజాడయు, జాషువాయు ఒకే బీరువాలో ప్రక్కప్రక్కన నుందురు. ఒకరి మాటను మరియొకరు అణచివేయరు. చదువరి యే పుస్తకము తెరచిన ఆ గొంతు మాత్రమే వినవచ్చును. పెక్కు గొంతులకు చోటిచ్చుట, ఒక్కొక్క గొంతు వినబడునట్లు నిశ్శబ్దమును కాపాడుట అను ఈ రెండు ధర్మములును ఒకదానిని విడిచి యొకటి నిలువజాలవు. ఇరువదియైదేండ్లుగా ఈ గదిలో సాగుచున్న ఈ ధర్మము గ్రామ వీధులకు గూడ చెల్లునా యనునది ఈ వేళ విచారింపదగిన విషయము.

ఈ సీమ పెక్కు గొంతుల సీమ. మార్కాపురము, గిద్దలూరు, కంభము ప్రాంతములు 1970 ఫిబ్రవరి 2వ తేదీ వరకు కర్నూలు జిల్లాలో నుండెను. పొదిలి, కనిగిరి, దర్శి నెల్లూరు జిల్లావి. ఒంగోలు, అద్దంకి గుంటూరు జిల్లావి. ఆ దినమున మూడు జిల్లాల భాగములను చేర్చి ఒంగోలు జిల్లా యేర్పరచిరి. 1972లో దానికి ప్రకాశం పంతులుగారి పేరు పెట్టిరి. దస్తరములు మారినవి గాని నాలుకలు మారలేదు. నేటికిని సంతలో నిలుచుండి వినిన, మనిషి యే దిక్కునుండి వచ్చెనో అతని మాటతీరే చెప్పును.

తెలుగు యాసలు మాత్రమే గాదు. కంభము, మార్కాపురము వీధులలో ఉర్దూ వినవచ్చును. యర్రగొండపాలెము, దోర్నాల, పుల్లలచెరువు ప్రాంతముల తండాలలో లంబాడీ భాష ఇంటిభాష. దానికి సొంత లిపి లేదు; తల్లి నోటినుండి బిడ్డ చెవికి చేరుటయే దాని బ్రదుకు. ఎరుకలవారి భాష తమిళమునకు దగ్గరి చుట్టము. నల్లమల గూడెములలోని చెంచుల తెలుగునకు వేరొక ఒరవడి కలదు. శ్రీశైల మల్లికార్జునుని చెంచు మల్లన్నగా తమవానినిగా చెప్పుకొనువారు వారే.

ఈ వైవిధ్యము నిన్నటిది గాదు. పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రమునందు శ్రీశైల యాత్రను వర్ణించుచు ఆనాటి జనులు పాడుకొను పాటల పేర్లు పేర్కొనెను. తుమ్మెద పదములు, ప్రభాత పదములు, పర్వత పదములు, నివాళి పదములు, వెన్నెల పదములు వానిలో కొన్ని. శ్రీశైలమునకు తూర్పు ద్వారమైన త్రిపురాంతకము ఈ సీమలోనిదే. ఒకే కొండకు పోవువారు ఒకే పాట పాడలేదు. ఎవరి పాట వారు పాడిరి. అందరును కొండ నెక్కిరి.

మొన్నమొన్నటి వరకు గ్రామములలో ఇదే మర్యాద నడచెను. చెక్కభజనకు ఒక రాత్రి, బుఱ్ఱకథకు ఒక రాత్రి. మొహర్రము దినములలో పీర్ల చావిడి కడ హిందువులును మ్రొక్కులు చెల్లించిరి. క్రిస్మసు ముందు రాత్రులలో పాటలు పాడుచు ఇల్లిల్లు తిరుగువారిని అన్ని మతముల పిల్లలును వాకిట నిలిచి వినిరి. తండా స్త్రీలు తీజ్ పండుగకు గోధుమ మొలకల బుట్టల చుట్టు చేరి పాడిరి. ఇవన్నియు వేరువేరు, అయినను ఒకటి మరియొకదానిని మింగలేదు.

ఐక్యరాజ్యసమితి విద్యా విజ్ఞాన సాంస్కృతిక సంస్థయైన యునెస్కో 2001 నవంబరు 2వ తేదీన సంస్కృతుల వైవిధ్యమును గూర్చి ఒక ప్రకటన చేసెను. ప్రకృతికి జీవజాతుల వైవిధ్య మెంత యవసరమో, మానవజాతికి సంస్కృతుల వైవిధ్యము అంత యవసరమని అందలి భావము. నల్లమల చెంతనున్నవారికి ఈ మాట విప్పి చెప్పనక్కరలేదు. ఒక్క జాతి చెట్లనే నాటిన తోట అడవి గాదు. ఒక్క తెగులు వచ్చిన తోటయంతయు పోవును, అడవి నిలుచును. అట్లే కరవును, రోగమును, దుఃఖమును ఎదుర్కొను తెలివి ఒక్కొక్క జాతి తన పాటలోను, సామెతలోను దాచియుంచుకొనును. ఒక భాష మాసిపోయిన, మూలికల పేర్లును, వాన గుర్తులును, జోలపాటలును దానితోడనే పోవును.

ఈ గొంతులపై నేడు పడిన పెనుభారము డీజే పెట్టెల రొద. పెండ్లి యైనను, జాతర యైనను, వినాయక నిమజ్జనమైనను, ఉరుసైనను, సువార్త సభ యైనను, ఎన్నికల ఊరేగింపైనను, ట్రాక్టరుపై ఆళ్లెత్తు పెట్టెలు పేర్చి తెచ్చుచున్నారు. ఏ మతమును, ఏ కులమును, ఏ పక్షమును దీనికి వెలి గాదు. తక్కిన విషయములలో ఏకాభిప్రాయము లేనివారందరికిని ఇందులో మాత్రము ఏకాభిప్రాయము కుదిరినది.

అతి శబ్దము చేటని పూర్వులెరుగనివారు గారు. చరకసంహిత సూత్రస్థానమునందు రోగకారణములను చెప్పుచు, ఇంద్రియములకు విషయములతో కలుగు అతియోగము ఒక కారణమని యున్నది. ఉరుములు, భేరీలు, అరపులు మొదలగు పెద్ద చప్పుళ్లను మితిమీరి వినుట చెవికి అతియోగమని అచ్చట స్పష్టముగా చెప్పబడినది. నేటి వైద్యశాస్త్రము ఆ మాటకు లెక్కలు కట్టినది.

లోపలి చెవిలో నత్తగుల్లవలె చుట్టుకొనిన చిన్న యంగమొకటి కలదు. అందు సుమారు 15,000 సూక్ష్మ రోమకణములుండును. శబ్ద తరంగము తగిలి అవి కదలిననే మెదడునకు వార్త చేరును. వరి పైరు గాలికి ఊగి మరల నిలుచునట్లు అవియు ఊగి నిలుచును. పెనుగాలికి పైరు పడిపోవునట్లే పెద్ద చప్పుడునకు అవి నేలకూలును. పైరును మరుసటి కారున మరల వేయవచ్చును. మానవుని చెవిలో పోయిన రోమకణము మరల మొలవదు. మొదట సన్నని ధ్వనులు పోవును. మాట వినబడును గాని అది కత్తియో సుత్తియో తెలియదు. కొందరికి చెవిలో హోరు పుట్టి రాత్రింబవళ్లు వదలదు.

శబ్ద తీవ్రతను డెసిబెల్ అను కొలతతో లెక్కింతురు. మామూలు సంభాషణ సుమారు 60. ఈ కొలత తూనికవంటిది గాదు: 10 పెరిగిన, శబ్దశక్తి పది రెట్లగును. 85 డెసిబెళ్ల శబ్దమును దినమునకు ఎనిమిది గంటలకు మించి వినరాదని అమెరికా దేశపు వృత్తి ఆరోగ్య సంస్థ హద్దు నిర్ణయించినది. ఆపైన ప్రతి 3 డెసిబెళ్లకును కాలము సగమగును. 88కి నాలుగు గంటలు, 91కి రెండు, 94కి ఒకటి, 97కి అరగంట, 100కి పదునైదు నిమిషములు. డీజే పెట్టెల చెంత శబ్దము 100 దాటుట సాధారణము. 100 అనియే యుంచి, ఊరేగింపు నాలుగు గంటలు సాగెననుకొన్నను, 240 నిమిషములను 15చే భాగించిన పదునారు వచ్చును. అనగా పెట్టెముందు ఎగురు కుఱ్ఱవాడు పదునారు దినముల కోటాను ఒక్క రాత్రిలో ఖర్చు చేసినాడు. ఈ ఖాతాకు జమ వైపు లేదు, అంతయు ఖర్చే.

చేటు చెవితో ఆగదు. నిద్రించువాడు మేల్కొనకపోయినను అతని గుండె చప్పుడును వినును. నాడి వేగము హెచ్చును. అపాయవేళ ఊరెడు ద్రవములు రక్తమున ఊరును. చాలకాలము ఇట్లు జరిగిన రక్తపుపోటును, గుండెజబ్బును పెరుగునని పరిశోధకులు నిర్ణయించిరి. ఈ సీమవారికి ఫ్లోరైడు నీరు తెలియును. ఆ నీటికి వేరు రుచి లేదు, రంగు లేదు. ఒక్క చెంబు త్రాగిన ఏమియు గాదు. ఏండ్లు గడచిన పిమ్మట పళ్లు గారపట్టును, ఎముకలు వంగును. శబ్దమును అట్టి విషమే. తెల్లవారిన చెవి హోరు తగ్గెను గదా యని మురిసినవాడు నలుబదియేండ్లకు ఎదుటివాని నోటివంక చూచుచు కూర్చుండును.

పలకల పనివారి సంగతి ఇచ్చట మరువరాదు. మార్కాపురపు పలక అనేక రాష్ట్రముల బాలుర చేత ఓనమాలు దిద్దించినది. ఆ రాతిని తీయు యంత్రముల కడ, కోయు రంపముల కడ పనిచేయువారి చెవులకు దినమంతయు అతియోగమే. 1948నాటి ఫ్యాక్టరీల చట్టము మూడవ షెడ్యూలులో శబ్దమువలని చెవుడును వృత్తిరోగముగా చేర్చిరి. చెవులకు బిరడాలు కొనుట పెద్ద ఖర్చు గాదు. పగలు రంపము కడ అలసిన చెవికి రాత్రియైన విశ్రాంతి దొరకవలెను గదా!

పిల్లల చదువునకు కలుగు నష్టము గ్రంథాలయమునకు ముఖ్యమైనది. న్యూయార్కు నగరమున ఒక ప్రాథమిక పాఠశాల ప్రక్కన ఎత్తైన వంతెనపై రైళ్లు పోవుచుండెడివి. 1975లో ప్రచురింపబడిన పరిశోధన ప్రకారము, రైలు వైపు గదులలోని పిల్లలు నిశ్శబ్దపు వైపు పిల్లలకన్న చదువుటలో వెనుకబడిరి. పై తరగతిలో ఆ తేడా సుమారు ఒక సంవత్సరము. పిదప పట్టాల క్రింద రబ్బరు మెత్తలు వేసి, గదులలో శబ్దమును పీల్చు పలకలు అమర్చిరి. 1981నాటి పరిశీలనలో ఆ తేడా కనబడలేదు. పిల్లలు వారే తరగతుల పిల్లలు, బడి యదే; రొద తగ్గినది, చదువు వచ్చినది.

“చప్పుడు లేక పండుగ యేమి? డప్పు మాత్రము చప్పుడు గాదా?” యని యడుగువారుందురు. న్యాయమైన ప్రశ్నయే. చెంతనున్న చెవికి డప్పును గట్టిదే. కాని డప్పు కొట్టువాడు మనిషి. అతని చేయి అలయును. సెగకు కాచి శ్రుతి చేసికొనుటకు నడుమ నిలుచును. రోగి యింటిముందు పెద్దలు చేయెత్తిన దరువు తగ్గించును. యంత్రమునకు అలుపు లేదు, మొగమోటము లేదు. ఇంతకును ఆ పెట్టెలలో వినబడునది ఎవరి సంస్కృతి? పెండ్లికిని అదే పాట, జాతరకును అదే పాట, ఏ తండాకు పోయినను అదే పాట. సన్నాయి మేళమునకు పిలుపు లేదు. డప్పు దరువులెరిగినవాని కుమారుడు పెట్టెలు మోయు కూలియైనాడు. సంస్కృతి పేర వచ్చిన రొద సంస్కృతినే త్రొక్కివేసినది. పైగా వినువాని చెవియే చెడిన పిమ్మట ఏ భాషయందలి ఏ పాట మిగిలి యేమి లాభము?

చట్టము ఈ విషయమున మౌనముగా లేదు. 2000 ఫిబ్రవరి 14వ తేదీన కేంద్ర ప్రభుత్వము శబ్ద కాలుష్య నియంత్రణ నియమములు ప్రకటించినది. నివాస ప్రాంతములలో పగలు 55 డెసిబెళ్లు, రాత్రి 45 హద్దు. బహిరంగముగా మైకు పెట్టుటకు వ్రాతపూర్వకమైన అనుమతి కావలెను. రాత్రి 10 గంటలనుండి ఉదయము 6 గంటలవరకు అది పనికిరాదు. పండుగల నిమిత్తము సంవత్సరమునకు 15 దినములకు మించకుండ, అర్ధరాత్రి వరకు రాష్ట్ర ప్రభుత్వము సడలింపు నీయవచ్చును. ఆసుపత్రులకు, బడులకు, న్యాయస్థానములకు నూరు మీటర్ల లోపలి స్థలమును నిశ్శబ్ద మండలముగా ప్రకటింపవచ్చును. ఇతరుల శాంతిని భంగపరచి ప్రార్థింపుమని యే మతమును చెప్పలేదని సుప్రీంకోర్టు 2000 ఆగస్టు 30వ తేదీన తీర్పు చెప్పెను. 2005 జులై 18వ తేదీనాటి మరియొక తీర్పులో, వినుటకు ఇష్టము లేనివానిచేత బలవంతముగా వినిపించు హక్కు ఎవరికిని లేదని స్పష్టపరచెను.

అయినను ఊరిలో చట్టముకన్న మాట ముందు నడచును. కంభము చెరువును చూడుడు. గజపతుల ఆడపడుచు వరదరాజమ్మ కట్టించెనని ప్రతీతి. కొండల నడుమ కట్టిన కట్ట వెనుక గుండ్లకమ్మ, జంపలేరు నీళ్లు చేరి నిలుచును. 2020లో ఆ చెరువునకు ప్రపంచ వారసత్వ నీటిపారుదల కట్టడమను గుర్తింపు వచ్చినది. రెండేళ్ల నీరు ఒక్క చెరువున ఇముడుటకు కారణము కట్ట. పొలములు మునుగక పండుటకు కారణము తూము. కట్ట తెగకుండ కాచునది అలుగు. నీరు మంచిదే యని అలుగు మూసినవాడు ఊరిని ముంచును. శబ్దమును అంతే. కట్టయు అలుగును పెట్టుకొనుట పాటను ఆపుట గాదు, పాటను నిలుపుట.

కనుక గ్రామ పెద్దలును, అన్ని మతముల ఉత్సవ సంఘములవారును ఈ రజతోత్సవమున ఒకచోట కూర్చుండి కొన్ని కట్టుబాట్లు చేసికొనవచ్చును. రాత్రి పది దాటిన యంత్రము నిలుపుట. బడి, ఆసుపత్రి, ఇతర మతముల ప్రార్థనాస్థలము, మృతుడున్న యిల్లు వచ్చినప్పుడు పెట్టెలు మూయించుట. పరీక్షల నెలలలో మైకు మానుట. డీజేకిచ్చు బాడుగను డప్పు, సన్నాయి, చెక్కభజన, బుఱ్ఱకథ తెలిసినవారికే యిచ్చుట. ఈ కట్టుబాటు మొదట అధిక సంఖ్యాకులు పాటింపవలెను; బలవంతుడు పాటించిన బలహీనుడు అడుగకయే పాటించును.

గ్రంథాలయమునకును ఒక పని కలదు. తండా ముసలమ్మల పాటలు, చెంచుల మూలికల పేర్లు, ఎరుకల సామెతలు, ఉర్దూ జోలపాటలు తెలుగు లిపిలో నోటుపుస్తకములకెక్కించి, పాడినవారి పేరుతో ఈ బీరువాలో భద్రపరుపవలెను. 1918లో వేటపాలెమున సారస్వత నికేతనమును స్థాపించినవారు నాటి పత్రికలను సయితము దాచిపెట్టుటచేతనే తరువాతి తరములవారికి ఆనాటి మాట అందినది.

స్వర్ణోత్సవమునాటికి నేటి బాలురు ఈ సభలో పెద్దలై కూర్చుందురు. ఆనాడు వారు వినుటకు పెక్కు పాటలుండవలెను. ఆ పాటలు వినుటకు వారికి చెవులుండవలెను. ఆ రెంటిని వారికి అప్పగించుట నేటివారి బాధ్యత. ఈ గ్రంథాలయము కలకాలము వర్ధిల్లుగాక!

స్వస్తి.