సరస్సు ఒడ్డున విడిది

గుడారం వేసుకుని ఆరుబయట రాత్రి గడపడానికి ఏర్పాటుచేసిన చోటును అమెరికాలో క్యాంప్‌గ్రౌండ్ అంటారు. సరస్సు పేరు పెట్టుకున్న ప్రతి క్యాంప్‌గ్రౌండూ నీటి ఒడ్డునే ఉండదు కనుక, ఎంపికలో కొంత పరిశీలన అవసరం.

తెలుగు కుటుంబాలు విరివిగా నివసించే అట్లాంటా ఉత్తర శివార్లకు చేరువలోని లేనియర్ సరస్సు ఇందుకు చక్కని ఉదాహరణ. చట్టహూచీ నదిపై 1950వ దశకంలో బ్యూఫర్డ్ ఆనకట్ట నిర్మించడంతో ఏర్పడిన ఈ జలాశయం ఒడ్డున, అమెరికా సైనిక ఇంజనీర్ల విభాగం బాల్డ్ రిడ్జ్ క్రీక్, డకెట్ మిల్ వంటి క్యాంప్‌గ్రౌండ్‌లను నిర్వహిస్తోంది. రిక్రియేషన్.గవ్ అనే ప్రభుత్వ రిజర్వేషన్ వ్యవస్థలో పటం తెరిచి, ఒక్కొక్క గుడారపు స్థలం వివరాలనూ ఛాయాచిత్రాలనూ పరిశీలిస్తే, అది ‘లేక్‌ఫ్రంట్’, అంటే నీటిని ఆనుకుని ఉన్నదో, దూరం నుంచి సరస్సు కనిపించేది మాత్రమేనో, స్థలానికీ నీటికీ నడుమ రహదారి ఉన్నదో తెలుసుకోవచ్చు.

వర్షాభావంలో జలాశయాల మట్టం తగ్గి ఒడ్డు దూరం జరుగుతుంది కాబట్టి, ప్రయాణానికి ముందు నీటిమట్టం గురించి విచారించడం, వేసవి వారాంతాలకు నెలల ముందే స్థలం రిజర్వు చేసుకోవడం మేలు. ఒడ్డున విడిది చేసేవారు సబ్బునీటినీ చెత్తనూ సరస్సులో కలవనీయకుండా చూసుకున్నప్పుడే, ఆ నీటి స్వచ్ఛత రాబోయే తరాలకు దక్కుతుంది.