నాణెముపై ఖడ్గమృగము



పావలాబిళ్ళను ఎఱుగనివారు మనలో నుండరు. అయినను నేడు నేను ప్రసంగింపబోవునది దాని విలువనుగూర్చి కాదు, దానిమీది బొమ్మనుగూర్చి. 1988 మొదలు 2002 వఱకు మన ప్రభుత్వపు టంకసాలలు తుప్పుపట్టని యుక్కుతో ఇరువదియైదు పైసల బిళ్ళను ముద్రించినవి. దాని యొక ముఖమున ఒంటికొమ్ము ఖడ్గమృగము నిలిచియుండును. సంవత్సరపు టంకెల క్రింద చిన్న నక్షత్రమున్నచో ఆ బిళ్ళ హైదరాబాదు టంకసాలలో అచ్చుపడినదని గుర్తు. 2011 జూను 30తో దాని చెలామణి ఉడిగిపోయినది. ఇప్పుడది నాణెములు సేకరించువారి పెట్టెలలోను, మన యిండ్ల పాతడబ్బాల యడుగునను మాత్రమే కానవచ్చును.

సంస్కృతమున ఖడ్గశబ్దమునకు కత్తి యనియు, ఈ మృగమనియు రెండర్థములు కలవు. గండకమనునది దీనికే మఱియొక పేరు. గండకమనగా నాలుగు గవ్వల వెలగల నాణెమనియు నిఘంటువులు చెప్పుచున్నవి. కావున ఈ మృగమునకును నాణెమునకును గల చుట్టఱికము నిన్నమొన్నటిది కాదు.

క్రీస్తుశకము అయిదవ శతాబ్దిలో నేలిన మొదటి కుమారగుప్తుడు, తాను గుఱ్ఱమెక్కి కత్తిదూసి ఖడ్గమృగము నెదుర్కొనుచున్నట్లు బంగారు నాణెములు వేయించెను. వానిపై నారాజునకు ‘ఖడ్గత్రాత’ యను బిరుదు కలదు. తృతీయగా విడదీసినచో కత్తిచేత రక్షించువాడు. పంచమిగా విడదీసినచో ఖడ్గమృగమువలన భయము బాపి రక్షించువాడు. ఆనాటి శ్లేష యింతవఱకే. కాని నేడు ఆ సమాసమును షష్ఠిగా కూడ విడదీయవలసివచ్చినది: ఖడ్గమృగమును రక్షించువాడు అని. పదునైదు శతాబ్దములలో రాజధర్మము ఎట్లు తలక్రిందైనదో ఈ యొక్క పదమే చెప్పుచున్నది.

ఏల తలక్రిందైనది? ఒకప్పుడీ మృగము సింధునది మొదలు బ్రహ్మపుత్ర వఱకు గల గడ్డినేలలయందు సంచరించెడిది. సింధులోయ ప్రాచీనుల ముద్రికలపై దీని రూపము కలదు. సింధునదీ ప్రాంతమున దీనిని వేటాడినట్లు బాబరు తన చరిత్రలో వ్రాసికొనెను. తరువాత గడ్డిబీళ్ళు సాగునేలలైనవి, తేయాకుతోట లైనవి. దొరల తుపాకులు కొన్నిటిని కూల్చినవి. మిగిలినవానికి కొమ్మే మృత్యువైనది. ఇరువదవ శతాబ్దారంభమునకు ఇవి రెండువందలకు లోపుగనే మిగిలెనని లెక్క. అస్సాములోని కాజిరంగా అడవిని 1908లో రక్షితారణ్యముగ నేర్పఱచిరి. 1974లో అది జాతీయవనమైనది. 2022 నాటి గణనలో ఆ యొక్క వనముననే 2,613 ఖడ్గమృగములు తేలినవి. కాపాడవలెనన్న సంకల్పము నిజముగ కలిగినచో పోబోవు ప్రాణి నిలువగలదనుట కిది సాక్ష్యము.

ఆ కొమ్మునందు దివ్యౌషధ మున్నదని పరదేశములలో నొక నమ్మిక. అది యెముక కాదు, దంతము కాదు. మన గోళ్ళును వెండ్రుకలును ఏ పదార్థముతో నేర్పడినవో అదియు నాపదార్థమే. గోరు నమలినవానికి రోగము కుదిరినచో కొమ్మరుగదీసి త్రాగినవానికిని కుదురును! ఈ సంగతి లోకమునకు తెలియుటకే అస్సాము ప్రభుత్వమువారు 2021 సెప్టెంబరు 22న బోకాఖాతులో 2,479 కొమ్ములను బహిరంగముగ దహింపజేసిరి.

అయితే బొమ్మ వేసినంతమాత్రమున ప్రాణి బ్రదుకదు. 1974లో వన్యప్రాణి రక్షణకొఱకు ధనము కూర్చు నుద్దేశముతో పలుదేశములవారు సేకర్తలకై ప్రత్యేకనాణెములు వెలువరించిరి. నేపాళమువారి బంగారునాణెముపై ఖడ్గమృగమునకు చోటు దొరకినది. ఇండొనేషియావారు తమ వెండినాణెముపై జావాద్వీపపు పెద్దపులిని ముద్రించిరి. ఖడ్గమృగము నిలిచినది. జావాపులి నిలువలేదు, 1976 ప్రాంతమున మేరు బేతిరి యడవిలో దాని జాడలు కనబడినవి, అటుపిమ్మట ఆ జాతి లుప్తమైనదని శాస్త్రజ్ఞులు నిర్ణయించిరి. నాణెమునందు పులి మెఱయుచునే యున్నది. అడవి బోసిపోయినది.

ఇది దూరదేశపు కథయని తలపవలదు. మన కడపసీమ చిట్టడవులలో కలివికోడి యను చిన్నపక్షి కలదు. 1900 తరువాత కానరాక, నశించెనని యందఱు తలచిన ఆ పక్షి 1986లో మరల దొరకినది. దానిని పట్టితెచ్చినవాడు పెద్ద శాస్త్రజ్ఞుడు కాడు, ఆ ప్రాంతపు గ్రామవాసి. పిమ్మట శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యము దానికై యేర్పడినది. దాని బొమ్మ మన చేతిలో నాడిన పావలాపై లేదు. ఊరి బీడును, పొదలను, చెఱువుగట్టును ఎఱిగిన పెద్దలే దానికి ముద్ర, దానికి టంకసాల.

పాతబిళ్ళకు లక్షలిత్తుము, ముందుగా కొంత రుసుము పంపుడని ఎవరైన చెప్పినచో నమ్మవలదు. అట్టి మోసములనుగూర్చి రిజర్వుబ్యాంకువారు 2021లోనే హెచ్చరించిరి. ఆ పావలాను అమ్మజూపుటకంటె మనుమని యఱచేతిలో నుంచి, ఈ మృగమేదో చెప్పుడు. మన యూరి పొలిమేరలో ఏ పక్షి కూత ఆగిపోయినదో, ఏ మృగము జాడ తగ్గినదో అదియు చెప్పుడు. చెలామణి ఉడిగిన నాణెమును ప్రభుత్వము మరల ముద్రింపగలదు. ఉడిగిపోయిన ప్రాణిని ముద్రింపగల టంకసాల యెచ్చటను లేదు.